తొలేళ్ల రాత్రి, రెండు సర్వర్లు, నేను

విజయనగరంలో పైడితల్లమ్మ తొలేళ్లు, అంటే సిరిమానోత్సవానికి ముందు రోజు. ఊరంతా గంటస్తంభం వైపు నడుస్తుంటే నేను ఆఫీసులో రెండు సర్వర్ల ముందు కూర్చున్నాను. సాయంత్రం కరెంటు పోయింది, కాసేపటికి యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. తర్వాత రెండు సర్వర్లూ లేచాయి గానీ, వాటిని ఒక జట్టుగా పెట్టి సర్వీసులు నడిపే సాఫ్ట్‌వేర్ పేస్‌మేకర్ ఒక్క సర్వీసునూ మొదలుపెట్టదు. రెండు చోట్లా ఒకటే మాట: క్వోరమ్ లేదు, అంటే పని మొదలుపెట్టడానికి కావలసినన్ని ఓట్లు లేవు.

జట్టులో రెండే నోడ్లు (సర్వర్లు) కదా, ఒకటి ఉన్నా చాలని నా ధీమా. చాలదు. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చూసే కోరోసింక్‌లో, రెండు సర్వర్ల జట్టు కోసం ఉన్న టూ-నోడ్ సెట్టింగ్ ఆన్ చేస్తే, అందరూ వచ్చేదాకా ఆగమనే వెయిట్-ఫర్-ఆల్ కూడా దానంతటదే ఆన్ అవుతుంది. రెండూ ఆగి లేచాక ఒకదాన్నొకటి ఒక్కసారైనా చూసుకోవాలి. పెళ్లిచూపులే! ఒకదాన్నుంచి ఇంకోదానికి పింగ్ (నెట్‌వర్క్ అందుతోందా అని చూసే చిన్న పలకరింపు) మాత్రం హాయిగా వెళ్తోంది. గంటన్నర కాన్ఫిగ్ ఫైల్‌ని అనుమానించాను, పాపం దాని తప్పేం లేదు.

చివరికి మా జూనియర్ ఫోన్‌లో "అన్నా, ఫైర్‌వాల్ చూశావా?" అన్నాడు. కోరోసింక్ మాటలు వెళ్లే యూడీపీ 5405 పోర్టును రెండిటి ఫైర్‌వాల్‌లోనూ తెరిచింది నేనే, పర్మనెంట్ చేయడం మర్చిపోయిందీ నేనే. రీబూట్‌తో రూల్ ఎగిరిపోయింది. ఈసారి పర్మనెంట్‌గా చేర్చి రీలోడ్ కొట్టగానే రెండూ ఆన్‌లైన్.

ఇంతలో అమ్మ ఫోన్: "ఎక్కడున్నావురా, పులిహోర అయిపోతోంది!"