అరకు ఘాట్‌లో తూకం వేసిన ప్రయోగాలు

సంక్రాంతి సెలవులు అయిపోయి బడులు తెరవగానే విశాఖ నుంచి గోవాకి సైకిళ్ళ మీద బయల్దేరాలని మా ఇంజనీరింగ్ స్నేహితులం అనుకున్నాం. రాజమండ్రి, విజయవాడ, గుంటూరు, కర్నూలు, బళ్ళారి, హుబ్బళ్ళి మీదుగా బంగాళాఖాతం నుంచి అరేబియా సముద్రం దాకా వెయ్యి కిలోమీటర్ల పైమాటే. దారిలో ప్రభుత్వ పాఠశాలల్లో ఆగి, హైస్కూలు పిల్లల చేత సైన్స్ ప్రయోగాలు చేయించాలన్నది అసలు ఉద్దేశం. వెనక వ్యాను రాదు. మా బట్టలు, పనిముట్లు, ప్రయోగాల సామాను అన్నీ సైకిళ్ళే మోయాలి.

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తెల్లవారుజామున తొక్కి రావడం మాకు అలవాటే. కురుసుర సబ్‌మెరైన్, తెన్నేటి పార్కు, రుషికొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు దాటి గోస్తని సముద్రంలో కలిసే చోటు దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతాం. కాళ్ళు గట్టిపడడానికి ఆ రోడ్డు చాలు. సామాన్లో ఏది ఉండాలో, ఏది తీసేయాలో మాత్రం ఎత్తు ఎక్కితేనే తెలుస్తుంది. అరకు లోయలో ఒక బడి మాస్టారు రమ్మని ఎప్పటి నుంచో అడుగుతున్నారు. అలా అరకు ప్రయాణం కుదిరింది. గోవాకి ఏం తీసుకెళ్ళాలనుకున్నామో అదంతా కట్టుకునే వెళ్ళాలని నియమం పెట్టుకున్నాం.

బయల్దేరే ముందు సైకిళ్ళని పాత ఊళ్ళో ఒక షాపుకి తీసుకెళ్ళాం. చక్రం బెండు తీయడంలో ఆ బాబాయికి మంచి పేరు. చక్రాన్ని తిప్పి వదిలి, ఒక్కో చువ్వనీ వేలితో మీటి శబ్దం వింటాడు. బిగువు తగ్గిన చువ్వ మందంగా పలుకుతుంది. దాన్ని పట్టుకుని చువ్వలు బిగించే తాళంతో పావు తిప్పు తిప్పి మళ్ళీ మీటుతాడు. మాది పదహారో సెమిస్టర్ అయినా ఇలా వినడం వచ్చేది కాదేమో అనిపించింది. మా కట్టలు చూసి, "సామానంతా ఎనక్కే కట్టీకండి తల్లీ. ఎనక చక్రం ముందు పోతాది. సగం ముందుకెయ్యండి" అన్నాడు. వాల్వ్ ట్యూబు, అంటే సైకిల్ వాల్వ్‌కి తొడిగే సన్నటి రబ్బరు గొట్టం, మీటర్ల కొద్దీ కావాలంటే మాత్రం ఆశ్చర్యపోయాడు. అగ్గిపుల్లలతో బొమ్మలు కట్టిస్తాం అని చెబితే, చుట్ట మొత్తం చేతిలో పెట్టి డబ్బు తీసుకోనన్నాడు.

చీకటితోనే ఎన్‌ఏడీ జంక్షన్ దాటి, పెందుర్తిలో ఇడ్లీ తిని, కొత్తవలస చేరేసరికి బాగా తెల్లారింది. అక్కడి నుంచే కిరండూల్ రైలు మార్గం విడిపోతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించడానికి వేసిన లైను అది. మేం ఎక్కబోయే కొండల్ని రైలు సొరంగాల్లోంచి ఎక్కుతుంది. శృంగవరపుకోట దాకా రోడ్డు చదునే, కబుర్లు చెప్పుకుంటూ తొక్కాం.

కోట దాటి ఘాట్ మొదలయ్యాక ఇక మాటల్లేవు. టైడా వచ్చేసరికి అందరం చిన్న గేరులో ఉన్నాం. ముందు పళ్ళచక్రానికి 28 పళ్ళు, వెనకా 28 పళ్ళు. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ రెండు మీటర్ల పైచిలుకు మాత్రమే కదులుతుంది. చదునులో 42కి 14 వేసుకుంటే అదే చుట్టుకి ఆరున్నర మీటర్లు పోయేది. దూరం మూడో వంతుకి తగ్గింది, పెడల్ మీద వేయాల్సిన బలమూ అంతే తగ్గింది. దీన్ని బడిలో చాక్‌పీసుతో నేల మీద గీతలు గీసి పిల్లల చేతే కొలిపించాలని అక్కడే, దముకు దాటాక ఒక మలుపులో, తీర్మానించుకున్నాం.

నా క్యారియర్ మీద చెక్కపెట్టె ఉంది. గాజు బీకర్లు, పట్టకం, స్ప్రింగ్ త్రాసు, ఎల్‌ఈడీ బోర్డులు, బ్యాటరీలు. శక్తిని జౌళ్ళలో కొలుస్తారు. కిలో బరువుని మీటరు ఎత్తడానికి సుమారు 10 జౌళ్ళు కావాలి. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అంటే కిలోకి 9000 జౌళ్ళు. అది చక్రానికి చేరాల్సిన శక్తి మాత్రమే. ఒంట్లో ఖర్చయ్యేది దానికి నాలుగింతలు, ఎందుకంటే తిన్నదాంట్లో సుమారు నాలుగో వంతే కండరాలు పనిగా మారుస్తాయి, మిగతాది వేడిగా పోతుంది. ఆ వేడి ఎంతో గాలికొండ దగ్గర మా చొక్కాలు పిండితే తెలిసేది. పెట్టెలో ప్రతి వస్తువునీ ఒకటే ప్రశ్న అడుగుతూ ఎక్కాను: మేం వెళ్ళిపోయిన మర్నాడు పిల్లలు ఈ ప్రయోగం మళ్ళీ చేసుకోగలరా? పట్టకాన్ని తిరిగి మాతోనే తెచ్చేస్తాం కదా. అగ్గిపుల్లలు అయితే వాళ్ళింట్లోనే ఉంటాయి.

సుంకరమెట్ట దగ్గర వలిసె పూలు పొలాల నిండా పసుపుగా ఉన్నాయి. ఆ రాత్రి అరకులో తిన్న తిండి గురించి, పట్టిన నిద్ర గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

బడిలో మొదట ఖాళీ ప్లాస్టిక్ సీసా బయటికి తీశాం. ఆర్కే బీచ్‌లో, నీటి అంచున మూత బిగించిన సీసా. అక్కడ నొక్కితే మెత్తగా లొంగింది, ఇక్కడ బిర్రుగా ఉంది. ముందు వరసలో ఒక పాప చేతికిచ్చి, చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా మూత తిప్పమన్నాం. 'సుస్స్' మంది. పాప ఉలిక్కిపడి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మాస్టారు వాళ్ళ ఆదివాసీ ఒడియాలో ఏదో అనేసరికి గది గదంతా సీసా కోసం చేతులు చాచింది. సముద్రం గాలి అని చెప్పారట. ఇంత ఎత్తులో గాలి పీడనం సముద్రం దగ్గరికన్నా సుమారు పది శాతం తక్కువ, అందుకే లోపలి గాలి బయటికి తోసుకొచ్చింది. వెనక నుంచి ఒక అబ్బాయి అడిగాడు: "ఇక్కడ చలి కదా అక్కా, చలికి గాలి ముడుచుకోదా?" ముడుచుకుంటుంది. చలి లోపలి గాలిని కొంచెం లాగింది, కానీ పీడనం తేడాదే పైచేయి. ఇలాంటి ప్రశ్న ఒక్కటి వస్తే చాలు, ఆ ఘాట్ మళ్ళీ ఎక్కొచ్చు.

తర్వాత సైకిల్ ముందు చక్రం విప్పి, ఇరుసు ఒక కొసకి తాడు కట్టి చెట్టు కొమ్మకి వేలాడదీశాం. వదిలేస్తే పక్కకి వాలిపోయింది. చేత్తో నిలబెట్టి గట్టిగా తిప్పి వదిలితే పడలేదు. ఒక పక్కనే తాడున్నా నిటారుగా నిలబడి, నెమ్మదిగా తాడు చుట్టూ ప్రదక్షిణం చేసింది. "మంత్రమా?" అని అడిగారు. మేం జవాబు చెప్పకుండా, రెండు చేతుల్తో ఇరుసు పట్టుకుని తిరిగే చక్రాన్ని పక్కకి వంచమన్నాం. అది ఎదురు తిరగడం ఒక్కొక్కరూ తమ మణికట్టులోనే తెలుసుకున్నారు. భోజనం గంట కొట్టినా వరస కదల్లేదు.

చివరికి అగ్గిపుల్లలు. ఇది అరవింద్ గుప్తా చేసి చూపించిన పద్ధతి. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, 1978లో ఉద్యోగానికి సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమంలో పనిచేసిన మనిషి ఆయన. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు కీళ్ళుగా, అగ్గిపుల్లలు ఎముకలుగా ఏ ఆకారమైనా కట్టొచ్చు. పిల్లలు బ్లేడుతో మందు గీకేసి, ముందు చతురస్రం కట్టారు. వేలితో తోస్తే వాలిపోయింది. త్రిభుజం కట్టారు. ఎటు తోసినా కదల్లేదు. ఎందుకో మేం చెప్పకముందే ఒకమ్మాయి లేచి బయట నిలబెట్టిన నా సైకిల్ దగ్గరికెళ్ళి, ఫ్రేమ్ కడ్డీల మీద వేలు పెట్టి రెండు త్రిభుజాలు గీసి చూపించింది. ఆ ఎండలో నేను పడ్డ కష్టానికి అంతకన్నా పెద్ద కూలీ ఎవరిస్తారు?

తిరుగు ప్రయాణంలో అరకు గాలిని సీసాలో బిగించి తెచ్చాం. దిగుడులో బ్రేకులు ఆపి ఆపి వేయాల్సి వచ్చింది. మలుపు దగ్గర ఆగి రిమ్ము ముట్టుకుంటే చురుక్కుమంది. ఎక్కేటప్పుడు పోసిన జౌళ్ళు వేడిగా తిరిగొస్తున్నాయన్నమాట. కోటలో టీ కొట్టు దగ్గర సంచి తెరిస్తే సీసా పక్కలు లోపలికి లొట్టపోయి ఉన్నాయి. కింద ఎండ ఎక్కువ, వేడికి ఉబ్బాలి. అయినా లొట్టపోయింది. ఆ అబ్బాయి ప్రశ్నకి రెండో సగం జవాబు ఇదే కదా అని ఫోటో తీసి మాస్టారికి పంపాం.

గోవా సంచుల్లోంచి చెక్కపెట్టె తీసేశాం. సిరంజీలు, వాల్వ్ ట్యూబు, బెలూన్లు, దారం, సీసా, చాక్‌పీసులు ఉంటాయి. చక్రం ఎలాగూ సైకిల్‌కే ఉంది. కర్నూలు దాకా తెలుగు సరిపోతుంది. బళ్ళారిలో కొంతవరకు నెట్టుకొస్తాం. ఆ తర్వాత కన్నడం రావాలి. పక్క హాస్టల్లో హుబ్బళ్ళి నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు సాయంత్రాలు నేర్పుతానంది. తోయడం, లాగడం, తిరగడం, ఎందుకు అనే మాటలతో మొదలుపెట్టమని అడిగాం.