అంట్లు తోమడానికి షార్జా దాకా

సెలవుకు వచ్చిన ప్రతిసారీ అంబాజీపేట దగ్గరి మా ఊళ్ళో ఎవరో ఒకరు అడుగుతారు, షార్జాలో ఏం పని అని. స్టీలు రేకులకు నూనె పూసి, కడిగి, జిడ్డు ఎంత పోయిందో చూస్తానంటే నమ్మరు. మా అమ్మయితే మొదటి ఏడాదే తేల్చేసింది: "అంట్లు తోమడానికి అంత దూరం వెళ్ళావా నాన్నా?"

ఒక రకంగా అంతే. మా వర్క్‌షాపుకు మరమ్మతుకు వచ్చే వాల్వుల్లో ఆక్సిజన్ లైన్లకు వెళ్ళేవి కొన్ని ఉంటాయి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే నిప్పు చూపించకుండానే అంటుకోవచ్చు. అందుకని జిడ్డును కరిగించే కొత్త ద్రవం, అంటే సాల్వెంట్, ఏది వచ్చినా ముందు నా బల్ల మీదికి రావాలి.

అరచేయంత రేకును గ్రాములో పదివేలో వంతు దాకా చూపే త్రాసులో తూస్తాను. 84.3120 అనుకోండి. నూనె పూశాక 84.5120. సాల్వెంట్‌లో అయిదు నిమిషాలు ముంచి, రుద్దకుండా తీసి, ఆరబెట్టి తూస్తే 84.3140. 200 మిల్లీగ్రాముల్లో 198 పోయాయి; 99 శాతం. ఈ అంకె చూసి మురిసిపోయిన రోజులున్నాయి. కానీ అదే రేకును శుద్ధమైన నీళ్ళలో ముంచి నిలువుగా పట్టుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. శుభ్రమైన లోహం మీద నీరు ఎక్కడా తెగకుండా పల్చటి పొరలా పరుచుకుంటుంది. ఆ మిగిలిన 2 మిల్లీగ్రాములు ఉన్నచోట పొర చిట్లి, చేమాకు మీద లాగా బొట్లు కడుతుంది. అమ్మ కడిగిన గిన్నెను వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని, "ఇంకా జిడ్డుంది" అంటూ మళ్ళీ కొబ్బరి పీచు, బూడిద అందుకునేది. ఆమె చూసేది ఈ బొట్లనేనని నాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

ఈ పరీక్ష ఒక ఆగస్టులో నన్ను మూడు రోజులు ఏడిపించింది. ఏ సాల్వెంట్ వాడినా రేకు కుడి మూలన నీటి పొర తెగుతోంది. ముందు అసిటోన్ లాంటి సాల్వెంట్లనే అనుమానించాను. అవి చప్పున ఆవిరై రేకును చల్లబరుస్తాయి, అక్కడి ఉక్కగాలిలో తేమ వచ్చి దాని మీద వాలుతుంది. ఓవెన్‌లో ఆరబెట్టినా అదే మచ్చ. చివరికి మా సూపర్‌వైజరు నా గ్లౌజు వాసన చూసి నవ్వాడు. మలయాళీ కదా, కొబ్బరినూనెను ఇట్టే పట్టేశాడు! పొద్దున్నే ఊరి నూనె తలకు రాసుకుని, అవే చేతులతో గ్లౌజుల వేళ్ళ కొసలు పట్టి లాగి తొడుక్కునేవాణ్ణి. ఆ వేళ్ళతోనే కడిగిన రేకును మూల పట్టుకుని ఎత్తేవాణ్ణి.

పాతవాళ్ళు ఇప్పటికీ ట్రైక్లోరోఎథిలీన్ అనే సాల్వెంట్‌నే తలుచుకుంటారు. 87 డిగ్రీలకు మరుగుతుంది. చల్లటి వాల్వును ఆ ఆవిరిలో వేలాడదీస్తే చాలు, ఆవిరి చుక్కలై కారుతూ జిడ్డును దించేస్తుంది. వాల్వు వేడెక్కగానే కారడం ఆగిపోతుంది. వాసన తియ్యగా ఉండేదట. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో చేర్చింది. మూత తీసిన తొట్టి పక్కనే టీ తాగేవాళ్ళమని వాళ్ళు నవ్వుతూ చెబుతుంటే నాకు మాట రాదు.

మొన్న సెలవులో మా బాబాయ్ రొయ్యల చెరువు దగ్గర డీజిల్ ఇంజను విప్పాడు. పాత పళ్ళెంలో కిరసనాయిలు పోసి ఒక భాగాన్ని కడిగి, బనీను గుడ్డతో తుడిచాడు.

"చూడరా, అద్దంలా ఉంది."

నేనూరుకోలేక చెంబుతో నీళ్ళు పోశాను. మొత్తం బొట్లు కట్టింది. కిరసనాయిలు పాత జిడ్డును తీసి తన జిడ్డును వదిలి వెళుతుంది బాబాయ్, అన్నాను.

"దాని మీద నీళ్ళు పోస్తావేమిటిరా, తుప్పు పట్టదూ? ఇందులో పోసేది డీజిల్, నీ ఆక్సిజన్ కాదు."

నా చేతిలోంచి లాక్కుని, మళ్ళీ ఆ కిరసనాయిలు గుడ్డతోనే తుడిచి బిగించాడు.