సిలికో మాంగనీస్ ఫర్నేస్ దగ్గర నా ట్రైనింగ్

మెటలర్జీ డిప్లొమా అయ్యాక బొబ్బిలి వైపు ఒక ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరా. అక్కడ చేసేది సిలికో మాంగనీస్, అంటే ఉక్కు తయారీలో కలిపే మాంగనీస్, సిలికాన్, ఇనుము మిశ్రమలోహం. ఇంటర్వ్యూలో గట్టిగా అడిగింది ఒక్కటే, నైట్ షిఫ్టులు చేస్తావా అని. ముందు ట్యాపింగ్ దగ్గర, అంటే ఫర్నేస్‌లో కరిగిన సరుకు బయటికి తీసే చోట వేశారు. రెండు గంటలకోసారి ఆక్సిజన్ పైపుతో ట్యాప్ హోల్ తెరుస్తారు, నిప్పురవ్వలు లేస్తాయి, లోహం, స్లాగ్ (లోహం పోగా మిగిలే కరిగిన మడ్డి) కలిసే బయటికొస్తాయి. లోహం బరువు కాబట్టి ల్యాడిల్ అనే పెద్ద పాత్ర అడుక్కి చేరుతుంది, స్లాగ్ పైనుంచి పొర్లి పక్క కుండలోకి పోతుంది. వేడికి అలవాటు పడ్డా గానీ కరెంటు టెన్షన్‌కి మాత్రం పడలేకపోయా. టన్నుకి దాదాపు 4,000 యూనిట్లు పోతాయి మరి, కాసేపు సప్లై ఆగితే కంట్రోల్ రూమ్‌లో ఎవరి మొహంలోనూ రక్తం ఉండదు.

అసలు పని చార్జ్ లెక్కల దగ్గర, అంటే ఫర్నేస్‌లో ఏ ముడిసరుకు ఎంత వేయాలో లెక్కేసే చోట మొదలైంది. మా చుట్టూ గర్భాం, గరివిడి, చీపురుపల్లి, 1890ల్లోనే మాంగనీస్ తవ్వడం మొదలుపెట్టిన ప్రాంతం. ఇంటి పక్కనే ఓర్ (ముడి ఖనిజం) పెట్టుకుని దక్షిణాఫ్రికా, గాబన్ నుంచి ఓడల్లో ఎందుకండీ అని షిఫ్ట్ ఇన్‌చార్జ్ గారిని అడిగితే, ల్యాబ్ రిపోర్టు నా ముందుకి తోసి "ఫాస్ఫరస్ కాలమ్ చూడు బాబూ" అన్నారు. మన ఓర్‌లో అది ఎక్కువ. ఫర్నేస్‌లో వేస్తే దాదాపు అంతా లోహంలోకే దిగుతుంది. స్టీల్ ప్లాంట్‌లో కన్వర్టర్ (ఉక్కు చేసే కొలిమి) దగ్గర సున్నం వేసి ఆక్సిజన్ ఊది ఫాస్ఫరస్‌ని ఎంత కష్టపడి తీసినా, మన సరుకు పడేది ఆ తర్వాత ల్యాడిల్‌లో, అంటే మనం పంపిందంతా ఉక్కులో ఉండిపోయేదే. ఎక్కువైతే ఉక్కు పెళుసెక్కుతుంది.

నాకు బాగా నచ్చింది స్లాగ్ సంగతి. ఫెర్రో మాంగనీస్ (సిలికాన్ పెద్దగా లేని మాంగనీస్, ఇనుము మిశ్రమం) చేసినప్పుడు వచ్చే స్లాగ్ యార్డులో ఆకుపచ్చగా గుట్టలు పడి ఉంటుంది, చూస్తే పారేసే రాయే అనిపిస్తుంది. అందులో మాంగనీస్ ఆక్సైడ్ 30 శాతం దాకా ఉంటుంది, ఫాస్ఫరస్ అప్పటికే లోహంతో వెళ్ళిపోయింది కాబట్టి ఓర్ కంటే అదే శుభ్రం! సిలికో మాంగనీస్ చార్జ్‌లో దాన్ని కలిపితే మొత్తం మీద ఫాస్ఫరస్ తగ్గుతుంది కాబట్టి మన ఓర్ కూడా కాస్త వాడుకోవచ్చు. ఇక సిలికాన్ ఇచ్చే క్వార్ట్జ్ రాయి తగ్గితే సిలికాన్ 14 శాతం దాటదు, పెరిగితే స్లాగ్ జీడిపాకంలా సాగుతూ హోల్‌లోంచి కదలదు, ట్యాపింగ్ వాళ్ళ తిట్లు మనకే.

కొన్నాళ్ళకి నా లెక్క మీదే ఒక షిఫ్ట్ నడిపారు. శాంపిల్ 60-14 గ్రేడ్‌లోనే (మాంగనీస్ 60, సిలికాన్ 14 శాతం) వచ్చింది, ఫాస్ఫరస్ కూడా 0.30 శాతం లోపే. ఇన్‌చార్జ్ గారు షీటు మీద సంతకం పెడుతూ, "రాత్రి వాన పడింది, కోక్ తేమ మళ్ళీ చూడమను, తడి బరువుకి కార్బన్ లెక్కేస్తే అసలు కార్బన్ చాలక రేపు మాంగనీస్ అంతా స్లాగ్‌లోనే ఉంటుంది" అన్నారు.