పరిటాల దారిలో ఒక ప్రశ్న

మొన్న హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ కంచికచర్ల దాటిన తర్వాత, చుట్టూ బ్రిటిష్ వారి కృష్ణా జిల్లా ఉండగా పరిటాల మాత్రం నిజాం రాజ్యానికి చెందినదై ఉండేదని మా అమ్మాయికి చెప్పాను. "మరి మధ్యలో ఉన్న ఆ ఊరివాళ్లు తమ రాజ్యంలోకి ఎలా వెళ్లేవాళ్లు నాన్నా?" అని అడిగింది. ఆ ఇబ్బంది ఎంతటిదో నాకు అర్థమైంది మాత్రం భారత్, బంగ్లాదేశ్ సరిహద్దు గురించి చదివినప్పుడే.

కూచ్‌బిహార్ సంస్థానం 1949లో భారత్‌లో విలీనమయ్యాక, దాని పాత సరిహద్దుల చిక్కుముడి రెండు దేశాలకు సంక్రమించింది. బంగ్లాదేశ్ లోపల భారత్‌వి 111, భారత్ లోపల బంగ్లాదేశ్‌వి 51 భూఖండాలు మిగిలాయి. అక్కడివారు వాటిని ఛిట్‌మహల్ అంటారు. వాటిలో దహలా ఖాగ్రాబాడీ ఒక జనపనార పొలం, మన కొలతలో ఎకరా ఇరవై తొమ్మిది గుంటలు. అప్పట్లో అది భారత్‌ది, దాని చుట్టూ ఉన్న ఊరు బంగ్లాదేశ్‌ది, ఆ ఊరి చుట్టూ మళ్లీ భారత్ నేల, దాని చుట్టూ బంగ్లాదేశ్. ఛిట్‌మహళ్లలో కరెంటు ఉండేది కాదు, పోలీసులు వచ్చేవారు కాదు. పిల్లలను బయటి బడిలో చేర్చాలంటే ఆ దేశపు పౌరుడెవరినో తండ్రిగా రాయించవలసి వచ్చేది.

1974 మే 16న ఇందిరా గాంధీ, షేక్ ముజిబుర్ రెహమాన్ ఈ భూఖండాలను మార్చుకునే ఒప్పందంపై సంతకాలు చేశారు. బంగ్లాదేశ్ అదే ఏడాది ఆమోదించింది. దేశపు నేలను మరొకరికి ఇవ్వాలంటే రాజ్యాంగాన్ని సవరించాలని పశ్చిమ బెంగాల్‌లోని బేరుబాడీని పాకిస్తాన్‌తో పంచుకునే వ్యవహారంలో సుప్రీంకోర్టు 1960లోనే చెప్పి ఉండటంతో మన వైపు ఆలస్యమైంది. 2011లో అనుబంధ ఒప్పందం కుదిరింది. 2015 మేలో నూరవ సవరణ ఉభయ సభల్లోనూ ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా గట్టెక్కింది.

మనం ఇచ్చినది 17,160 ఎకరాలు, పొందినది 7,110. అడుగు గట్టు కోసం అన్నదమ్ములే కోర్టుకెక్కే చోట పెరిగిన నాకు ఈ లెక్క మొదట మింగుడుపడలేదు. కానీ ఇచ్చిన ఆ నేలను మనం ఏనాడూ పాలించలేదు, అక్కడికి వెళ్లే దారే మనకు లేదు. పైగా రెండు వైపుల ఛిట్‌మహళ్లలోని దాదాపు యాభై వేల మందినీ ఏ దేశ పౌరసత్వం కావాలో అడిగారు. ఉన్న ఇంట్లోనే ఉండి కొత్త దేశపు పౌరులు కావచ్చు, లేదా పాత పౌరసత్వం ఉంచుకుని ఆ దేశానికి తరలిపోవచ్చు. ఒప్పందంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచినది ఇదే. అటు నుంచి భారత్‌కు వచ్చినవారు వెయ్యి మందికి లోపే, ఇటు నుంచి అటు వెళ్లినవారు ఒక్కరూ లేరు.

2015 జూలై 31 అర్ధరాత్రి మార్పిడి జరిగింది. ఆ తర్వాత బడిలో చేరిన పిల్లలకు సొంత తండ్రి పేరు రాయించుకునే వీలు కలిగింది.