చంద్రుడి పుస్తకంతో వత్తులు దారికొస్తున్నాయి

రెండో తరగతి చదువుతున్న మా పాపకి గుణింతాలు బాగానే వచ్చు. వత్తు కనపడితే మాత్రం ఆగిపోయేది. కథల పుస్తకం ఇస్తే బొమ్మలు చూసి మూసేసేది. ఆకాశం గురించి అయితే ఎంతసేపు చెప్పినా వింటుంది. అందుకే చదువు, రాత రెండూ అక్కడినుంచే మొదలుపెట్టాం. పైగా ఆ మాటల్లో వత్తులకి కొదవ లేదు: చంద్రుడు, సూర్యుడు, శుక్రుడు, నక్షత్రం, గ్రహణం.

ఒక రూళ్ల పుస్తకం తీసుకున్నాం. పేజీ పైన తారీఖు, తిథి. కింద చంద్రుడి బొమ్మ. దాని కింద ఒక్క వాక్యం, అంతే. తిథి మామ్మని అడగకూడదు, గోడ మీది క్యాలెండర్లో తనే చదువుకుని రాయాలి. నెలనెలా అవే పేర్లు తిరుగుతాయి కాబట్టి ‘అష్టమి’, ‘పౌర్ణమి’ ఇప్పుడు చూడగానే చదివేస్తోంది.

మొదట్లో ‘చందుడు ఉనాడు’ అని రాసేది. నేను ఎర్ర పెన్ను పట్టుకోలేదు. పాత శుభలేఖల వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, వాటిని చీటీలుగా కత్తిరించి, ‘చంద్రుడు’ అని పెద్దగా రాసి, రావత్తు ఒక్కటే ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో దిద్దాను. మర్నాడు రాసే ముందు ఆ చీటీ ఎదురుగా పెట్టాను. కాసేపు చూసి, తనే వెనక పేజీ తిప్పి, ‘దు’ కింద వత్తు ఇరికించింది. అలా తను పట్టుకున్న తప్పు మళ్లీ రావడం లేదు. నేను దిద్దితే ఇలా ఉండదని నా నమ్మకం.

పున్నమి దాటాక ఒక చిక్కు ఉంది. చంద్రుడు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. నాలుగు రోజులు తిరిగేసరికి పిల్లలు పడుకునే వేళకి కనపడడు. అందుకని బహుళ పక్షంలో పుస్తకం పొద్దుటికి మార్చాం. అష్టమి ప్రాంతంలో స్కూలుకి తయారయ్యే వేళ కూడా కొబ్బరి చెట్ల పైన సగం చంద్రుడు తెల్లగా కనిపిస్తాడు. ‘ఎందుకంటే’తో మొదటి వాక్యం అమావాస్య నాడు వచ్చింది: ‘ఈ రోజు చంద్రుడు కనపడడు ఎందుకంటే సూర్యుడి వైపు ఉన్నాడు.’

మబ్బు పట్టిన రోజుల్లో చదువు. చంద్రయాన్-3 గురించి రెండేసి వాక్యాల చీటీలు నేనే రాస్తున్నాను: 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరడం, ఆగస్టు 23న విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగడం, అందులోంచి బయటికొచ్చిన ఆరు చక్రాల బండి ప్రజ్ఞాన్. ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలని చదివి, వంటింట్లోకి పరిగెత్తి బియ్యం బస్తా మీద అచ్చేసిన 26 చూపించింది. ‘అమ్మా, ఇంతేనా!’ అంది. చంద్రుడి దూరం సుమారు 3,84,400 కిలోమీటర్లు. దాన్ని మాటల్లో రాయడానికి ఒక పూట పట్టింది కానీ లక్షల స్థానం కుదిరింది.

అన్నిటికన్నా పనికొచ్చింది గోదారి. సఖినేటిపల్లి రేవులో నరసాపురం వైపు దాటించే పంటు (పెద్ద పడవ) ఎక్కబోతుంటే నీళ్లు గట్టు పైదాకా ఉన్నాయి. ఇన్ని నీళ్లేంటని పాప అడిగితే పంటు అబ్బాయి, ‘అమావాస్య పోటు పాపా, ఇలాగే ఉంటాయి’ అన్నాడు. ఇంటికొచ్చాక బంతులు పెట్టి చూపించాను. అమావాస్యకీ పున్నమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి, రెండు లాగుళ్లూ కలుస్తాయి, పోటు పెరుగుతుంది. అష్టమి దగ్గర తగ్గుతుంది. అప్పటినుంచి రేవుకెళ్లినప్పుడల్లా పేజీలో ‘నీళ్లు’ అని ఇంకో వరస కలిసింది. దాని కింద రెండు మూడు వాక్యాలు ఎవరూ చెప్పకుండానే రాస్తోంది.

‘క్ష’ ఇంకా తడబడుతోంది, ‘నచత్రం’ అనే రాస్తోంది. తొందరేం లేదు.

కార్తీక పౌర్ణమికి చంద్రుడు కృత్తికలనే చుక్కల గుంపు దగ్గరికి వస్తాడు. ఆ వెన్నెల్లో కృత్తికలు సరిగ్గా కనపడవు కాబట్టి వారం ఆగి, చీకటి పడ్డాక తూర్పున చూపిస్తాను. ‘కృత్తిక’ చీటీ రాసి ఉంచాను, ఈసారి త వత్తుకి ఆకుపచ్చ, వట్రుసుడికి నీలం.