ఎవరి కౌంటర్ దగ్గర వాళ్ళు

2020 ఏప్రిల్ నాలుగో వారం వరకు మా శ్రీకాకుళం జిల్లాలో ఒక్క కరోనా కేసు లేదు. అందరం గర్వంగా చెప్పుకునేవాళ్ళం. లోపల మాత్రం భయమే. ఊరి మొగల్లో తుమ్మకంపలు అడ్డం వేసి కుర్రాళ్ళు కాపలా కూర్చునేవారు. సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద మాది చిన్న మెడికల్ షాపు. మందులకోసం వచ్చేవాళ్ళు ఆ కంప దాటే రావాలి.

మా జిల్లా తీరం 193 కిలోమీటర్లు. ఇంత సముద్రం పక్కనే పెట్టుకుని మా మత్స్యకారులు ఏటా రైలెక్కి గుజరాత్‌లోని వేరావల్ పోతారు. ఇక్కడ పెద్ద బోటు నిలపడానికి హార్బర్ లేదు కాబట్టి అక్కడి బోట్ల మీద కూలికి వెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళి పాకిస్తాన్‌కి చిక్కిన ఉత్తరాంధ్ర వాళ్ళు 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. వాళ్ళు ఇల్లు చేరిన సంబరం తీరకముందే లాక్‌డౌన్ వచ్చిపడింది. మనవాళ్ళు వేలమంది వేరావల్ హార్బర్లో ఇరుక్కుపోయారు. వంట, పడక అన్నీ బోట్లలోనే. ఏప్రిల్ ఆఖర్న ప్రభుత్వం బస్సులు పెట్టి తీసుకొచ్చింది. బస్సు జిల్లాదాకా తెస్తుంది. కంప తీయాల్సింది మాత్రం ఊరే.

ఆ రోజుల్లో ఒక పెద్దావిడ బీపీ బిళ్ళలకి వచ్చింది. ఎప్పుడూ నెలకి సరిపడా పట్టుకెళ్ళే మనిషి, కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టి అయిదు బిళ్ళలే కత్తిరించి ఇమ్మంది. "బాబూ, మా వోడు బస్సెక్కినాడంట. ఊర్లోకి రానిత్తారా?" అని అడిగింది. సొంత కొడుకు సొంతింటికి రావడానికి మందుల షాపువాడిని అడగాల్సి వచ్చిందే అని నాకు గుండె పిండేసినట్టయింది. బిళ్ళలు నెలకి సరిపడా ఇచ్చి, డబ్బు తర్వాత చూద్దాం మామ్మా అన్నాను. ఆమె ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

రామమందిరం అరుగు మీద పెద్దలు దూరం దూరంగా కూర్చుని మాట్లాడుకున్నారు. వద్దన్నవాళ్ళు దుర్మార్గులేం కాదు. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు, వీధికో కుళాయి, ఇంటికో ముసలి ప్రాణం. వాళ్ళ భయానికి అర్థం ఉంది. ఊరి నర్సమ్మ ఏఎన్‌ఎం వచ్చి, పరీక్షలు చేస్తారని, క్వారంటైన్ అయ్యాకే ఇళ్ళకి పంపుతారని ఓపిగ్గా చెప్పింది. వేరావల్ వెళ్ళినవాళ్ళు నెలనెలా పంపిన డబ్బుతోనే కదా ఈ రామమందిరానికి స్లాబు పడింది అని ఒక డ్వాక్రా అక్క లేచి అడిగింది. దాంతో మాట మారింది. క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళకి వీధికో పూట వంతున చారు, కూర పంపారు. వాళ్ళు ఊళ్ళోకి వచ్చే రోజున కంప తీసింది కూడా దాన్ని వేసిన కుర్రాళ్ళే. దేశాన్ని నిలబెట్టడం అనే పెద్ద మాట విన్నప్పుడల్లా నాకు ఆ కుర్రాళ్ళే గుర్తొస్తారు.

2021 సెకండ్ వేవ్ దగ్గరికి వచ్చేసరికి పరీక్ష మా వ్యాపారానికే వచ్చింది. వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్లకి ఎక్కడ చూసినా కొరత. హోల్‌సేల్‌లోనే రేటు నాలుగింతలు చెప్పారు. ఇంజెక్షన్లు బ్లాకులో అమ్ముతున్నారని రోజూ పేపర్లో వార్తలు. మా రోడ్డులో షాపులవాళ్ళం ఫోన్లలో మాట్లాడుకుని, ఎమ్మార్పీకి ఒక్క రూపాయి పైన తీసుకోకూడదని, ఆక్సీమీటర్లు అమ్మకుండా అవసరమైన ఇంటికి వంతులవారీగా ఇవ్వాలని అనుకున్నాం. పుస్తకంలో పేరు రాసుకోవడం, తిరిగొచ్చాక స్పిరిట్‌తో తుడవడం, తర్వాతి ఇంటికి పంపడం. రీడింగ్ 94 కంటే తగ్గితే ఫోన్ చేయమని చెప్పేవాణ్ణి. అర్ధరాత్రి ఫోన్ మోగితే ఇంట్లో అందరికీ టెన్షనే. ఒక ఆటో అన్న ఎన్ని ఫోన్లకి లేచి మనుషుల్ని రాగోలు జెమ్స్‌కి తీసుకెళ్ళాడో నేను కళ్ళారా చూశాను. అప్పుడు జిల్లాలోని కోవిడ్ ఆసుపత్రుల్లో అదొకటి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా జిల్లా ఉద్దానం ప్రాంతంలో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ తప్పనివాళ్ళకి లాక్‌డౌన్‌లో ఇలాంటి ఆటో అన్నలే దిక్కయ్యారని అక్కడి కవిటిలో ఉండే మా బంధువులు చెప్పేవారు.

వీళ్ళెవరికీ పైనుంచి ఆర్డరు రాలేదు. ఎవరి చేతిలో ఉన్న పనిని వాళ్ళు మోసం లేకుండా చేశారు. ప్రభుత్వం చెయ్యాల్సింది చెయ్యకపోయినా ఫర్వాలేదని నా ఉద్దేశం కాదు. 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. అది ఏమైందని అడగడం కూడా మన పనే. కంప తీసిన ఊరికి ఆ హక్కు ఇంకా ఎక్కువ ఉంది.

ఆ బస్సుల్లో వచ్చిన కుర్రాళ్ళలో చాలామంది మళ్ళీ వేరావల్ రైలెక్కారు. అందుకే వచ్చే గ్రామసభలో మేం కొందరం మూడు సంగతులు అడగబోతున్నాం. మన తీరంలో బోట్లు నిలిచే చోటు ఎప్పటికి వస్తుంది, సబ్‌సెంటర్లో బీపీ, షుగర్ మందులు నెలంతా ఎందుకు ఉండటం లేదు, వలస వెళ్ళినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు పంచాయతీలో ఎందుకు రాసి ఉంచరు. మీ ఊళ్ళో కూడా అడగండి. కాగితం మీద రాసి, సంతకాలు పెట్టించి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.