లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో సపోర్ట్: టియర్ లిస్ట్ ఆఖర్న చూడండి

లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఐదుగురు ఐదుగురితో తలపడే ఆట; కింది లేన్‌లో (దారిలో) జట్టు ముఖ్య షూటర్ అయిన ఏడీసీకి తోడుండేవాడే సపోర్ట్. డ్రాఫ్ట్ (ఛాంపియన్లను, అంటే ఆడే పాత్రలను, ఎంచుకునే దశ) మొదలవగానే చాలామంది టియర్ లిస్ట్ (ఛాంపియన్ల బలాన్ని బట్టి ర్యాంకుల పట్టిక) తెరిచి, పైన ఎవరుంటే వాళ్లను లాక్ చేసేస్తారు. మీ పక్కన ఆడే ఏడీసీ ఎవరో ఆ లిస్ట్‌కు తెలియదు. సపోర్ట్ బలం సగం పక్కవాడి చేతిలోనే ఉంటుంది.

కాబట్టి ముందు చూడాల్సింది ఏడీసీనే. కైసా, సమీరా లాంటి మీదకు దూకే ఏడీసీలకు సపోర్ట్‌గా లియోనా, నాటిలస్ సరిజోడు. జట్టులో ఎవరు శత్రువును కదలకుండా ఆపినా వాడి మీద కైసా ప్లాస్మా స్టాక్ (పేరుకుని పేలే గుర్తు) పడుతుంది. అలా ఆగిపోయినవాడి మీదకు సమీరా పాసివ్ (దానంతటదే పనిచేసే శక్తి) దూరం నుంచే దూసుకెళ్తుంది. జింక్స్, కాగ్‌మా, ట్విచ్‌ల సంగతి వేరు. వాళ్లు బతికుంటే చాలు, డ్యామేజ్ అదే వస్తుంది. వాళ్లను కాపాడే లులు గానీ మిలియో గానీ తీసుకోండి. 650 రేంజ్ (దాడి అందే దూరం) ఉన్న కేట్లిన్ పక్కన మోర్గానా గానీ లక్స్ గానీ ఉంటే, రూట్ (కదలనీయకుండా పట్టేసే దెబ్బ) తగిలినవాడి కాళ్ల కిందే ట్రాప్ పడుతుంది.

తర్వాత ఎదుటి లేన్. దూకేవాళ్లు దూరం నుంచి గిల్లేవాళ్లను పట్టేస్తారు, గిల్లేవాళ్లు హీలర్లను అరగదీస్తారు, కాపాడేవాళ్లు దూకేవాళ్లను ఆపుతారు. ఇది మోటు లెక్కే. జానా సుడిగాలి దూకుతున్నవాణ్ణి మధ్యలోనే ఎగరేస్తుంది. సొరాకాకు అలాంటిది లేదు, పైగా పక్కవాడికి హీల్ వేసిన ప్రతిసారీ తన హెల్తే కరుగుతుంది. ఇద్దరినీ ఒకే గాటన కట్టొద్దు. శత్రువు హీలింగ్‌ను 40% తగ్గించే ఐటెమ్ కొన్నాడంటే సొరాకా కష్టం ఇంకా పెరుగుతుంది.

హుక్‌ల (శత్రువును పట్టి లాగే కొక్కాల) దగ్గర అందరూ బోల్తా పడేది మినియన్ల (లేన్‌లో గుంపులుగా నడిచే చిన్న సైనికుల) వల్ల. బ్లిట్జ్‌క్రాంక్, థ్రెష్, నాటిలస్ హుక్‌లు మినియన్ తగిలితే ఆగిపోతాయి. లియోనా E దూకుడు మాత్రం మినియన్లను దాటుకుని వెళ్తుంది. ఎదుటి వేవ్ (మినియన్ల గుంపు) పెద్దదై మీ టవర్ వైపు వస్తుంటే హుక్ చేతిలో ఉన్నా లేనట్టే. అందుకే మొదటి నిమిషం నుంచే మినియన్లను కొట్టాలి, ఆఖరి దెబ్బ ఏడీసీకి వదలాలి. మొదటి వేవ్‌లోని 6, రెండో వేవ్‌లో ముందు నడిచే 3 చస్తే ఇద్దరికీ లెవెల్ 2 వస్తుంది. లియోనా E, Q శక్తులు రెండూ చేతికొచ్చేది అప్పుడే. ఏడీసీ ఫార్మ్ (మినియన్లను చంపి తెచ్చుకునే బంగారం) పాడవుతుందని చేతులు కట్టుకు నిలబడితే ఆ లెవెల్ ఎదుటివాళ్లకు ముందొస్తుంది, వాళ్లే దూకుతారు.

జట్టు మొత్తాన్నీ ఒక్క చూపు చూడండి. టాప్‌లో టీమో, జంగిల్‌లో కిండ్రెడ్ ఉంటే ముందు నిలబడేవాడే లేడు, లులు మీద మోజు ఆ గేమ్‌కు పక్కనపెట్టాలి. ముందు నిలబడి దెబ్బలు కాసే ఓర్న్, సెజువానీ ఉంటే హాయిగా లులు ఆడుకోవచ్చు.

పిక్‌లు రెండు జట్లకూ మార్చి మార్చి 1-2-2-2-2-1 వరసలో వస్తాయి. ముందే పిక్ చేయాల్సి వస్తే థ్రెష్, రాకాన్, కార్మా అంతగా దెబ్బతినరు. బ్లిట్జ్‌క్రాంక్‌ను ముందే చూపిస్తే మోర్గానానో, స్పెల్ షీల్డ్ (శత్రువు శక్తిని ఆపే కవచం) ఉన్న సివిరో ఎదురవుతారు. హుక్‌లే ఆడేవాళ్లు బ్యాన్‌ను (ఒక ఛాంపియన్‌ను ఆ గేమ్‌లోకి రానివ్వని అవకాశాన్ని) మోర్గానాకే వాడటం మేలు.

ముగ్గురు ఛాంపియన్లు చాలు: ఒకరు దూకడానికి, ఒకరు కాపాడటానికి, మూడోది మోర్గానా. హుక్ లాంటివి పట్టనీయని ఆమె బ్లాక్ షీల్డ్‌ను మ్యాజిక్ డ్యామేజ్ పగలగొడుతుంది, కాబట్టి ముందే వేసి కూర్చోకుండా హుక్ గాల్లో ఉండగా వేయడం అలవాటు చేసుకోవాలి.